నలభై రెండో బొమ్మ

అచ్చాఫీసు ఆయన ఫోన్ చేసేసరికి బొమ్మలత్త కూరలు కడుగుతోంది. తువ్వాలుకి చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

"అమ్మా, మేష్టారి నాచుల పుస్తకం మళ్ళీ వేస్తున్నాం. వచ్చే శుక్రవారం మిషనెక్కుతుంది. ఆయన లేరు కాబట్టి మార్పులేమైనా ఉంటే మీరే చెప్పాలి. లేకపోతే ఉన్నదున్నట్టు వేసేస్తాం," అన్నాడాయన.

"నలభై రెండో బొమ్మ..." అని నోరు జారింది ఆవిడ.

"దానికేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. బుధవారంలోపు చెప్తాను," అని పెట్టేసి, కడిగిన కూరలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

బొమ్మలత్త అసలు పేరు ఇప్పుడు పెన్షను కాగితాల మీద తప్ప ఎక్కడా లేదు. మేనకోడలు మాటలు నేర్చుకునే రోజుల్లో పెట్టిన పేరు అది, ఇంటిల్లిపాదీ అందుకున్నారు. ఆవిడ ఉద్యోగం చేసింది మ్యాపుల ఆఫీసులో. పెద్ద బల్ల మీద పలచటి కాగితం పరిచి, కింద ఉన్న మ్యాపుకి నకలు గీయడం. ముప్పై ఏళ్ళపాటు చూడని ఊళ్ళకి దారులు గీసింది, తాగని నదులకి వంపులు తిప్పింది. ఒక్క గీత పొరపాటు పోయేది కాదు. కళ్ళముందు పెట్టింది పెట్టినట్టు గీయడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యే ఆవిడ కొంప ముంచింది, అదెలాగో చెప్తాను.

మేష్టారంటే ఆవిడ అన్నయ్య. హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. ఆదివారం వస్తే అడవిలో మోకాళ్ళ మీదే ఉండేవాడు. పిల్లలు 'పాచి మేష్టారు' అని పేరు పెట్టారు. ఆయనకి ఆ సంగతి తెలుసు. "పాచి వేరు, నాచు వేరు. ముందు ఆ తేడా నేర్చుకుని తర్వాత తిట్టండి," అనేవాడు.

నాచుల్ని ఆయన పొట్లాలు కట్టేవాడు, అదీ పిల్లలు రాసిన పరీక్ష పేపర్లతో. ఏ పొట్లం విప్పినా లోపల ఎవడిదో తప్పు జవాబు, దానిమీద ఎర్ర సిరా గీత, మధ్యలో చిటికెడు ఎండు నాచు ఉండేవి. నాచు సంగతి ఏమిటంటే, ఎండితే ముడుచుకుపోయి గుర్తుపట్టరాకుండా అవుతుంది. ఎన్నాళ్ళ తర్వాతైనా నాలుగు చుక్కలు నీళ్ళు పోస్తే ఆకులు విప్పుకుని తన రూపానికి తను వస్తుంది. అందుకని ఆయన చెల్లెలికి ఒకే ఒక షరతు పెట్టాడు. "పొట్లం చూసి గీయకు చెల్లాయ్. అడవిలో, తడిలో, అది ఉన్నచోట చూసి గీయి."

రెండేళ్ళు అలాగే గీసింది. ప్రతి ఆదివారం ఏడు గంటల బస్సు. ఆయన భుజాన సంచీ, చేతిలో ఆవిడ కోసం మడత స్టూలు. సంచీలో ఉడకబెట్టిన గుడ్లు, బ్రెడ్డు, ఫ్లాస్కులో టీ. భూతద్దం వాడటం కూడా ఆయనే నేర్పాడు. "అద్దాన్ని కంటికి ఆనించు. నాచుని అద్దం దగ్గరికి తీసుకురా. నువ్వెళ్ళి దానిమీద పడకు, భయపడుతుంది." నాచు భయపడుతుందా అని ఆవిడ నవ్వేది. వాన పడితే ఆయన గొడుగు విప్పేవాడు, కానీ దాన్ని తన తలమీదో ఆవిడ తలమీదో కాదు, కాగితం మీద పట్టేవాడు. ఇద్దరూ ముద్దయిపోయేవారు, బొమ్మ మాత్రం పొడిగా ఇంటికి చేరేది. తన బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ లేవని ఆవిడకి ఇప్పటికీ అనిపిస్తుంది. తడి బట్టలతో బస్సులో వణుకుతూ కూర్చున్నా సరే, మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని వేళ్ళు లెక్కపెట్టుకునేది.

నలభై ఒక్క బొమ్మలు అయ్యాయి. మిగిలింది ఒక్కటి, అలల నాచు. ఆకుల మీద అడ్డంగా అలలు అలలుగా ఉంటుందని అన్నయ్యే ఆ పేరు పెట్టాడు. అడవిలో కాలిబాట పొడుగునా గట్ల మీద ఎక్కడ చూసినా అదే. అంత మామూలుది కాబట్టే ఆఖరికి మిగిలింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు చూడండి, అలాగ. అచ్చాఫీసు నుంచి మనిషొచ్చి కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగేసి గడియారం చూస్తున్నాడు. బొమ్మలత్త సొరుగులోంచి పొట్లం తీసింది. వారంవారం తొక్కే దాన్ని కొత్తగా చూసేదేముంది అనుకుంది. కనీసం పళ్ళెంలో వేసి తడిపిందా అంటే అదీ లేదు. ఎండిపోయి చుట్టలు చుట్టుకున్నదాన్ని ఉన్నదున్నట్టు, ఒక్కొక్క ముడతతో సహా, అద్భుతంగా గీసి ఇచ్చేసింది. ముప్పావుగంట పట్టింది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. అప్పటికి బొమ్మ వెళ్ళిపోయింది.

"ఆఖరిది ఇచ్చేశావట. వెళ్ళి చూశావా?"

"చూశాను అన్నయ్యా. అచ్చం అలాగే ఉంది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

పుస్తకం వచ్చింది. ఆ మరుసటి వానకి అడవిదారిన పోతూ బొమ్మలత్త గట్టు మీద అలల నాచుని చూసింది. లేత పచ్చటి ఆకులు, పొడుగ్గా నాలుకల్లా చాచుకుని, వెలుతురు వాటిలోంచి దూరి ఇవతలికి వస్తోంది. ఆకు నిండా అలలు. తను గీసిన దానికీ దీనికీ పోలికే లేదు. చెప్పేద్దామనుకుంది. రేపు చెప్దామనుకుంది. ఎల్లుండి అనుకుంది.

ఈలోగా ఉపాధ్యాయుల హాల్లో పుస్తకం మీద సభ పెట్టారు. ఒక కాలేజీ ప్రొఫెసరు లేచి నలభై రెండో బొమ్మ తెరిచి పట్టుకున్నాడు. "పేరేమో అలల నాచు. బొమ్మలో అల ఒక్కటీ లేదు. దీన్ని గీసినవాళ్ళు ఆ నాచుని జన్మలో చూసినట్టు లేదు," అన్నాడు. హాలంతా నవ్వింది. అన్నయ్య నిలబడి, "తప్పు నాది. ఎండిన పొట్లం ఇచ్చింది నేను," అని కూర్చున్నాడు. మూడో వరసలో బొమ్మలత్త తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్నయ్య కిటికీలోంచి చూస్తూ, "ఇంకేమిటి చెల్లాయ్?" అన్నాడు. "ఏమీ లేదన్నయ్యా," అంది. కాసేపయ్యాక ఆయన మళ్ళీ అడిగాడు, "ఇంకేమిటి?" అని. "ఏముంటుంది," అంది ఆవిడ.

ఆ వచ్చే ఆదివారం మోకాళ్ళ నొప్పులని చెప్పి అడవికి వెళ్ళలేదు. ఆపై ఆదివారం కూడా. అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ ఆవిడ అబద్ధానికి మోకాళ్ళున్నాయి, అవి ఇరవై ఏళ్ళు నొప్పిపుట్టాయి. అన్నాచెల్లెళ్ళు పెళ్ళిళ్ళలో కలుసుకున్నారు, ఆస్పత్రుల్లో కలుసుకున్నారు, అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు, ఒక్క నాచు గురించి తప్ప. రెండో భాగం రాస్తానన్న పుస్తకం ఆయన రాయలేదు. ఆ సభలో పడ్డ మాటవల్లే ఆయన మనసు విరిగిందని ఆవిడ నమ్మింది. ఆయన పోయి ఆరేళ్ళయింది. పుస్తకంలో ఆ తప్పు అలాగే ఉంది, ఆయన పేరు మీద. ఇప్పుడది మళ్ళీ అచ్చుకి పోతోంది. దిద్దడానికి చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆదివారం.

శనివారం మేనకోడలి దుకాణానికి వెళ్ళింది. కళ్ళజోళ్ళ దుకాణం. గోడకి పై వరసలో పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చీమల బారులు. గాజుపెట్టెలో ఖాళీ ఫ్రేములు వరసగా ఎవరినో చూస్తున్నట్టుంటాయి. మేష్టారు నాచులు చూపించడానికి నలుగురిని వెంటేసుకుని వెళ్ళే ఆదివారం నడకల్ని, తండ్రి పోయాక మేనకోడలే నడిపిస్తోంది. అత్తని చూడగానే అడక్కుండానే ఆవిడ కళ్ళజోడు లాక్కుని, సన్నటి స్క్రూడ్రైవరుతో వదులైన కాడ బిగించడం మొదలుపెట్టింది.

"రేపు నేనూ వస్తానే," అంది బొమ్మలత్త.

స్క్రూడ్రైవరు ఆగింది. "ఎక్కడికీ?"

"అడవికి."

"మరి మోకాళ్ళో?"

"ఉన్నాయి. రెండూ."

మేనకోడలు ఫక్కున నవ్వబోయి, అత్త మొహం చూసి నవ్వు మింగేసింది. "ఏడు గంటల బస్సే అత్తా. అదేం మారలేదు," అని కళ్ళజోడు తుడిచి పెట్టింది. కారణం అడగలేదు. ఎందుకు అడగలేదో బొమ్మలత్తకి అప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చి అటక మీది డబ్బా దింపి పెన్సిళ్ళు చెక్కుకుంటుంటే, పేపరు చదువుకుంటున్న మొగుడు కళ్ళు పైకెత్తాడు. "నాచు కోసం అంతదూరం బస్సెక్కి వెళ్ళాలా? మన నీళ్ళతొట్టె నిండా ఉందిగా."

"పాచి వేరు, నాచు వేరు," అంది ఆవిడ చాలా కోపంగా. ఆయన బిక్కమొహం వేసి పేపర్లోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్న బస్సు దిగేసరికి ఎనిమిదయింది. నడకకి వచ్చినవాళ్ళు ఎనిమిది మంది. ఇద్దరు నర్సులు, ఒక దర్జీ ఆవిడ, ఇంకా నలుగురు, రిటైరైన ఒక బస్సు డ్రైవరు. డ్రైవరు మనిషి బారుగా, చేతులు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే ముందుకు వంగి ఉంటాడు. ఆయన చేతిలో ఒక మడత స్టూలు ఉంది. కాన్వాసు గుడ్డ మాసిపోయింది, ఒక కాలికి తీగ చుట్టి ఉంది. బొమ్మలత్త దాన్ని చూసి చూపు తిప్పుకుంది.

పది రోజులుగా చినుకు లేదు. అడవి నేల చిటపటలాడుతోంది. గట్ల మీద నాచులన్నీ ఎండి, ముడుచుకుని, ఒకే ముదురు రంగులో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని నలభై రెండూ కళ్ళు మూసుకుని గుర్తుపడతాననుకుంది బొమ్మలత్త. ఇక్కడికి వస్తే ఏది ఏదో అంతుచిక్కడం లేదు. ఇవాళ దొరక్కపోతే మళ్ళీ ఆదివారం నాటికి పుస్తకం అచ్చయిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, మూడో మలుపు దగ్గర వాగు. అక్కడ తడి ఉంటుంది. మిగతావాళ్ళని వదిలేసి ఒక్కతే దిగి వెళ్ళింది. నిజంగానే అక్కడ రాళ్ళ సందున పచ్చగా తడిగా నాచు ఉంది. ఆకుల మీద అలలు కూడా ఉన్నాయి! పోయిన ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. బండ మీద కూలబడి భూతద్దం కంటికి ఆనించి, అరగంట తల ఎత్తకుండా గీసింది. చేయి ఇంకా పనిచేస్తోందే అని లోపల్లోపల మురిసిపోయింది.

వెనకనుంచి డ్రైవరు దగ్గాడు. "బొమ్మ బ్రహ్మాండంగా ఉందండీ. ఏం నాచండీ అది?"

"అలల నాచు."

తప్పని చెప్పడం డ్రైవరుకి ఇబ్బందిగా ఉందని మెడ గోక్కోవడంలోనే తెలుస్తోంది. "అలలైతే ఉన్నాయి లెండి. కానీ ఇది చెంచా నాచండీ. ఆకు చివర గుండ్రంగా ఉంది చూడండి, నడుమ ఈనె ఒక్కటే నున్నగా పోయింది. అలల నాచైతే చివర కోసుగా ఉంటుంది. ఈనె మీద సన్నటి గీతలు ఇంకో నాలుగైదు నిలువుగా ఉంటాయి. అందరూ ఇక్కడే పడతారండీ, ఈ వాగు దగ్గరే. నేనూ పడ్డాను."

బొమ్మలత్త మళ్ళీ చూసింది. ఆయన చెప్పిందే నిజం. మొదటిసారి చూడకుండా గీసి తప్పు చేసింది, రెండోసారి చూస్తూ గీసి తప్పు చేసింది. కాగితం నలిపి సంచీలో కుక్కుకుంది. ఏడుపొస్తోంది, ఈ వయసులో ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఏడవటం ఏమిటని పెదవి కరుచుకుంది.

"రండి, చూపిస్తాను. పెద్ద దూరం కాదు," అన్నాడు డ్రైవరు.

దూరం కాకపోవడమేమిటి, ఆవిడ పొద్దుటినుంచీ నడిచొచ్చిన కాలిబాట గట్టే అది! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. మిగతావాళ్ళు అక్కడ గుండ్రంగా కూర్చుని టీ తాగుతున్నారు. డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిలోంచి గోరంత ముక్క తుంపాడు. నల్లగా, చుట్టలు చుట్టుకుని, కాలిన వెంట్రుకల్లా ఉంది. మధ్యలో సన్నటి ఎర్ర కాడ, దాని కొసన కొద్దిగా వంగిన చిన్న తిత్తి.

"దీనికి మేష్టారి పద్ధతి ఒకటుందండీ," అన్నాడు. తన దగ్గరున్న మేష్టారి పుస్తకం తీసి నలభై రెండో బొమ్మ తెరిచి, ఎండు ముక్కని బొమ్మ పక్కన పెట్టాడు. "కలిసిందా?"

బొమ్మలత్త వంగి చూసింది. కలిసింది. ముడతకి ముడత, వంపుకి వంపు కలిసింది. ఇరవై ఆరేళ్ళుగా తల తిప్పుకున్న బొమ్మ, నిజం నాచు పక్కన కవల పిల్లలా పడుకుని ఉంది.

"కలిసింది కదా. ఇప్పుడు తడపాలి. మేష్టారైతే సీసాలో నీళ్ళున్నా ఉమ్మే వాడేవారు. మీకు అదోలా ఉంటే..."

"ఉమ్మే కానివ్వండి."

ఆయన వేలు నాలుకకి రాసుకుని నాచు మీద అద్దాడు, మళ్ళీ అద్దాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా బడిపిల్లల్లా గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దాటేసరికి ఒక ఆకు కదిలింది. యాభైకి చుట్టలు వదులయ్యాయి. నూరు అనేసరికి ఆకులన్నీ పచ్చగా బారచాపుకుని, ఒక్కొక్కదాని మీద అలలు లేచాయి. ఈనె మీద గీతలు కూడా, ఆయన చెప్పినట్టే.

"'బొమ్మలా ఉండటం మానేసిందా? అయితే అదే అలల నాచు.' మేష్టారు ఇలాగే అనేవారండీ," అన్నాడు డ్రైవరు. "మిగతా నలభై ఒకటీ వానాకాలం బొమ్మలు. ఎండల్లో వాటితో మాకేం లాభం లేదు. ఎండాకాలం ఆదివారాల్లో మమ్మల్ని ఆదుకున్నది ఈ ఒక్క బొమ్మే. ఏ పుస్తకంలోనూ ఎండినప్పుడు ఎలా ఉంటుందో ఇంత వివరంగా వేయరు. ఎవరు గీశారో గానీ, చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి."

"నేనే గీశాను," అంది బొమ్మలత్త.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మకి చెప్పనని ఆవిడకి తెలిసిపోయింది.

"దణ్ణం పెట్టకండి. అది నేను చూసి గీసింది కాదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని పొట్లం చూసి గీశాను. చూశానని మా అన్నయ్యకి అబద్ధం చెప్పాను. నిండు సభలో ఆ తప్పు ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు."

డ్రైవరు మళ్ళీ మెడ గోక్కున్నాడు. "అబ్బే... మేమింకా మేష్టారు కావాలనే అలా గీయించారనుకున్నామండీ."

మేనకోడలు లేచి, తన సంచీ అడుగునుంచి ఒక పుస్తకం తీసుకొచ్చింది. పరీక్ష పేపరుతో అట్ట వేసి ఉంది. ఎవరి పుస్తకమో చెప్పక్కర్లేదు. అత్త ఒళ్ళో పెట్టి నలభై రెండో బొమ్మ తెరిచింది.

బొమ్మ కింద పెన్సిలుతో అన్నయ్య చేతిరాత: 'ఎండినప్పుడు.'

ఎదుటి ఖాళీ పేజీలో స్కేలు పెట్టి గీసిన డబ్బా, బొమ్మంతే కొలతతో ఉంది. లోపల ఏమీ లేదు. డబ్బా కింద: 'తడిసినప్పుడు.' ఇంకా కిందగా, చిన్న అక్షరాలతో: 'చెల్లాయి చూసి వచ్చాక.' పక్కన తేదీ వేసి ఉంది. పుస్తకం ఇంటికొచ్చిన రోజు తేదీ అది. సభకి రెండు నెలల ముందు.

"తెలుసా?" అంది బొమ్మలత్త. "వాడికి ముందే తెలుసా?" అన్నయ్యని వాడు అనడం చిన్నప్పుడు మానేసింది, ఆ క్షణంలో మళ్ళీ వచ్చింది.

"నాకీ డబ్బా సంగతే తెలుసు అత్తా, వెనక కథ తెలీదు. అత్తకి ఫోన్ చేసి చెప్పొచ్చుగా నాన్నా అని ఎన్నోసార్లు అడిగాను. 'చెబితే గీసేస్తుంది. తనంతట తను వస్తే చూస్తుంది. నువ్వూ అడక్కు' అన్నారు. అందుకే నిన్న కూడా అడగలేదు."

బొమ్మలత్తకి ఒళ్ళు మండిపోయింది. "మొండి మనిషి! ఇరవై ఏళ్ళు! ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా? ఎందుకు చేశావే అని నాలుగు తిడితే నేను..." అని ఆగిపోయింది. అడిగాడుగా. బస్సులో కిటికీ వైపు మొహం పెట్టి, ఇంకేమిటి చెల్లాయ్ అన్నాడుగా. ఒకసారి కాదు, రెండుసార్లు. అంతకన్నా ఎలా అడుగుతాడు?

డ్రైవరు మడత స్టూలు తెచ్చి విప్పి ఆవిడ ముందు పెట్టాడు. "దీనిమీద కూర్చోండి. మేష్టారు ప్రతివారం దీన్ని మోసుకొచ్చేవారు. ఆయన కూర్చోగా ఒక్కనాడూ చూడలేదు, మమ్మల్నీ కూర్చోనిచ్చేవారు కాదు. ఎవరిదండీ అంటే 'ఒకళ్ళు రావాలి' అనేవారు. ఆయన పోయాక అలవాటు కొద్దీ నేను మోస్తున్నాను."

ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఇక ఎవరున్నారు ఎవరు లేరు అని చూడకుండా ఏడ్చింది. రెండో భాగం ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. ఆయన్ని ఆపింది ప్రొఫెసరు మాట కాదు. పక్కన కూర్చుని గీసే మనిషి రాలేదు, అంతే. తప్పు గీయడం పెద్ద తప్పు కాదు, ఇన్ని ఆదివారాలు ఇంట్లో కూర్చోవడం అసలు తప్పు. ఆ మాట పైకే అనేసింది. దర్జీ ఆవిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత పెన్సిలు తీసింది. అన్నయ్య గీసిన డబ్బాలోనే మొదలుపెట్టింది. నాచు ఎండిపోకుండా నర్సులిద్దరూ వంతులవారీగా సీసాలోంచి చుక్కచుక్కగా నీళ్ళు వదిలారు. ఎండ ఎక్కువైతే మేనకోడలు గొడుగు విప్పింది. అత్త తల మీద పట్టబోయి, ఒక్క క్షణం ఆగి, నాచు మీదికీ కాగితం మీదికీ జరిపింది. బొమ్మలత్త నెత్తి మాడిపోయింది. అద్దం కంటికి ఆనించి, నాచుని అద్దం దగ్గరికి తెచ్చుకుని, ఒక్కొక్క అలనీ లెక్కపెట్టి గీసింది. అలల నాచు ఆకు ఇంత అందంగా ఉంటుందని వారంవారం తొక్కినన్నాళ్ళూ ఆవిడకి తెలియదు. రెండు గంటలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

బుధవారం అచ్చాఫీసుకి స్వయంగా వెళ్ళింది. లోపల మిషన్లు కొత్తవి, సిరా వాసన మాత్రం పాతదే. అచ్చాఫీసు ఆయన బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది. నల్ల సిరాతో సాపు చేసిన కొత్త బొమ్మ, ఒక చిన్న కాగితం, అన్నయ్య పుస్తకం.

"పాత బొమ్మ తీసేసి ఇది వెయ్యమంటారా?"

"తీయకండి. రెండూ వెయ్యాలి, ఎదురెదురుగా. ఏది ఎక్కడో ఆయనే గీసి పెట్టాడు, ఇందులో చూడండి. ఆ కాగితంలో ఉన్నది మొదటి పేజీలో వెయ్యండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. 'తొలి ముద్రణలో నలభై రెండో బొమ్మను నేను నాచును చూడకుండా గీశాను. తప్పు నాది. మా అన్నయ్యది కాదు.' చదివి తలెత్తాడు. "ఇన్నేళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటుందమ్మా? ఎందుకు చెప్పండి, కోరి కొరివితో తల గోక్కోవడం?"

"వెయ్యండి బాబూ."

ఆయన సరేనని మేష్టారి పుస్తకం తెరిచి, డబ్బాలోని పెన్సిలు బొమ్మని చూశాడు. కింద అన్నయ్య రాసిన వరసలున్నాయి. వాటి కింద కొత్తగా ఇంకో వరస ఉంది, వేరే చేతిరాత. దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"'చూశాను అన్నయ్యా' అని ఉందమ్మా ఇక్కడ. ఇది కూడా వెయ్యాలా, చెరిపెయ్యమంటారా?"

బొమ్మలత్త పుస్తకం తన వైపు తిప్పుకుని ఒకసారి చూసుకుంది.

"వెయ్యకండి," అంది. "చెరపకండి కూడా."